మూడు కిలోన్యూటన్లు నిజంగా మూడేనా?

లోహాల్లో పగులు ఎలా పెరుగుతుందో పరీక్షించే ల్యాబ్‌కి ఎవరొచ్చినా ముందు పగులు వైపే చూస్తారు. ట్రావెలింగ్ మైక్రోస్కోప్‌కి కన్ను ఆనించి, ఆ సన్న గీతను వెతికి పట్టుకుని, "ఇదేనా?" అంటారు. పక్కనే స్క్రీన్ మీద లోడ్ అంకె కనిపిస్తూ ఉంటుంది. దాన్ని ఎవరూ ఏమీ అడగరు. మెషిన్ చూపిస్తోంది కదా, సరిగ్గానే ఉంటుందిలే అనుకుంటారు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఎం.టెక్ ప్రాజెక్టు చేసిన రోజుల్లో నా సమయంలో ఎక్కువ భాగం పగులు తినలేదు, ఆ అంకె తినేసింది. ఇలాంటి పరీక్షలు మొదలుపెట్టబోయే వాళ్లకి పనికొస్తుందని ఆ అనుభవం రాస్తున్నాను.

నాకిచ్చింది 7075-టి651 అల్యూమినియం ప్లేటు. విమానాల నిర్మాణంలో ఈ రకం లోహాలు బాగా వాడతారు. దాని నుంచి కాంపాక్ట్ టెన్షన్ స్పెసిమెన్లు కోయించాం. అరచేతిలో పట్టే చదరపు ముక్క, పిన్నుల కోసం రెండు రంధ్రాలు, మధ్యలో వైర్‌కట్‌తో కోసిన గాటు. మందం 12.5 మిల్లీమీటర్లు, పిన్నుల మధ్య గీత నుంచి వెనక అంచు దాకా 50 మిల్లీమీటర్లు. ముక్కను రెండు క్లెవిస్‌ల (పిన్ను దూర్చి ముక్కను పట్టుకునే యు ఆకారపు పట్టీల) మధ్య పిన్నులతో బిగించి, సెకనుకి కొన్ని సార్లు లాగి వదులుతూ ఉంటే గాటు కొసన పగులు పుట్టి, మెల్లగా లోపలికి వెళుతుంది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఇ647 అనే ప్రమాణం ఈ పరీక్షంతా ఎలా చేయాలో చెబుతుంది.

చివరికి మనకి కావలసింది ఒక గ్రాఫ్. ఒక వైపు సైకిల్‌కి పగులు ఎంత పెరిగింది, ఇంకో వైపు పగులు కొసన ఒత్తిడి తీవ్రత ఎంత మారింది. ఈ రెండోదాన్నే ల్యాబ్‌లో అందరూ డెల్టా కె అంటారు. రెండింటికీ ఘాత సంబంధం ఉందని చూపింది పాల్ పారిస్. ఆయన మొదటి వ్యాసాన్ని పేరున్న పత్రికలు వెనక్కి పంపితే, 1961లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ల ఒక ఇంజనీరింగ్ పత్రికలో అచ్చయింది. ఇప్పుడు ఆ సూత్రం లేని ఫ్రాక్చర్ పుస్తకం ఉండదు. అల్యూమినియం మిశ్రమాలకి ఆ ఘాతం మామూలుగా మూడు, నాలుగు మధ్య ఉంటుంది.

లోడ్ గురించి నా బెంగ అంతా ఆ ఘాతం వల్లే. డెల్టా కె లోడ్‌కి నేరుగా అనుపాతంలో ఉంటుంది. లోడ్‌లో 5 శాతం తేడా ఉంటే, ఘాతం మూడైనప్పుడు పగులు వేగంలో 16 శాతం తేడా వస్తుంది. నాలుగైతే 21 దాటుతుంది. పగులు పొడవును మాత్రం మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలవాలని తంటాలు పడతాం, లోడ్ దగ్గరికొచ్చేసరికి స్క్రీన్‌ని నమ్మేస్తాం.

మా మెషిన్ సర్వో హైడ్రాలిక్, అంటే నూనె ఒత్తిడితో లాగేది, 100 కిలోన్యూటన్లది. అంటే దాదాపు పది టన్నుల లాగుడు. నా స్పెసిమెన్‌కి కావలసింది గరిష్ఠంగా 3 కిలోన్యూటన్లు, కనిష్ఠంగా 0.3. పగులు 15 మిల్లీమీటర్లున్నప్పుడు దీంతో డెల్టా కె 5.4 మెగాపాస్కల్ రూట్ మీటర్ వస్తుంది, 30 దాకా వెళ్లేసరికి 13 అవుతుంది. నాకు కావలసిన పరిధి అదే. మెషిన్ సామర్థ్యంలో మాత్రం అది మూడు శాతం. పరీక్షలో అతి ముఖ్యమైన సంగతి ఇదేనని అప్పట్లో నాకు తట్టలేదు.

లోడ్‌ని కొలిచే లోడ్ సెల్ లోపల ఏముంటుందో తెలిస్తే ఈ మూడు శాతం ఎందుకంత ఇబ్బందో అర్థమవుతుంది. అందులో ఉండేది గట్టి స్టీలు ముక్క, దానికి అంటించిన స్ట్రెయిన్ గేజ్‌లు. లాగితే స్టీలు కొద్దిగా సాగుతుంది, గేజ్ తీగ కూడా దాంతోపాటు సాగి నిరోధం మారుతుంది. నాలుగు గేజ్‌లను వీట్‌స్టోన్ బ్రిడ్జ్ అనే సర్క్యూట్‌గా కలిపి ఆ మార్పును వోల్టేజీగా బయటికి తీస్తారు. ఈ గేజ్‌ని 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ అనే ఇద్దరు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కనిపెట్టారు. ఇప్పటికీ మూల సూత్రం అదే.

మా సెల్‌కి వోల్టుకి 2 మిల్లీవోల్టుల సెన్సిటివిటీ, బ్రిడ్జ్‌కి ఇచ్చేది 10 వోల్టులు. అంటే 100 కిలోన్యూటన్లకి మొత్తం 20 మిల్లీవోల్టులు. నా 3 కిలోన్యూటన్లకి 0.6 మిల్లీవోల్టు. నా కనిష్ఠ లోడ్ 300 న్యూటన్లకి 60 మైక్రోవోల్టులు. లోడ్‌ని ఒక్క శాతం కచ్చితత్వంతో కొలవాలంటే 6 మైక్రోవోల్టుల తేడాను పట్టుకోవాలి. పక్క గదిలో హైడ్రాలిక్ పంపు మోటారు, నెత్తిన ఏసీ, చుట్టూ 50 హెర్ట్జ్ కరెంటు తీగలు. వీటి మధ్య 6 మైక్రోవోల్టులు. ఈ లెక్క నోట్‌బుక్‌లో వేసుకున్న సాయంత్రం నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తీసి చూశాను. ఏటా చేయించేదే, సంతకాలు, స్టాంపులు అన్నీ సక్రమంగా ఉన్నాయి. లోపం ఒక శాతం లోపేనని రాసి ఉంది. కానీ మొదటి పాయింటు 20 కిలోన్యూటన్ల దగ్గర. ఆ తర్వాత 40, 60, 80, 100. పెద్ద మెషిన్లకి ఇలా ఐదు పాయింట్లు చూడడం మామూలే. ముక్కను లాగి తెంచే తన్యత పరీక్షలకి అది సరిపోతుంది. నా మూడు సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆ ఏడాది కాలిబ్రేషన్‌కి వచ్చిన సార్‌ని అదే అడిగాను.

"మూడు దగ్గర కూడా ఒక శాతమే ఉంటుందా సార్?"

"ఉండొచ్చు. కానీ ఆ మూడుకి నేను సంతకం పెట్టలేదమ్మా," అన్నారాయన. "కింది పాయింట్లు కావాలంటే చెప్పండి, చిన్న రిఫరెన్స్ సెల్ తీసుకొస్తాను. అడిగేవాళ్లు లేక మేమూ తేము."

రెండోసారి వచ్చినప్పుడు 5 కిలోన్యూటన్ల రిఫరెన్స్ సెల్ తెచ్చారు. మా సెల్‌కి వరుసలో దాన్ని బిగించి, అర కిలోన్యూటన్ చొప్పున పెంచుతూ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్నాం. 2, 3 కిలోన్యూటన్ల దగ్గర ఒక శాతం లోపే ఉంది. అర కిలోన్యూటన్ దగ్గర మాత్రం అంకె కుదురుగా నిలవలేదు. కొన్ని న్యూటన్లు అటూ ఇటూ ఆడుతూనే ఉంది. అంత పెద్ద సెల్‌తో అంతకన్నా ఆశించకూడదని ఆయనే చెప్పారు. వీలుంటే 10 కిలోన్యూటన్ల సెల్ కొనుక్కోమన్నారు. సలహా మంచిదే. కాకపోతే మా ప్రాజెక్టు బడ్జెట్‌లో దానికి చోటు లేదు.

ఈలోపు నాకు నేనుగా చూసుకోవడానికి ఒక దారి దొరికింది. మా ల్యాబ్‌లోనే క్రీప్ మెషిన్లు (బరువు వేలాడదీసి లోహం మెల్లగా సాగడాన్ని చూసేవి) ఉన్నాయి, వాటికి తగిలించే ఇనుప వెయిట్లున్నాయి. టెక్నీషియన్ అన్న వాటిని త్రాసు మీద తూచి, ఒక్కోదాని మీద చాక్‌పీసుతో అసలు బరువు రాశారు. మా మెషిన్‌లో లాగే భాగం, అంటే యాక్చుయేటర్, పైన ఉంటుంది. లోడ్ సెల్ దానికే బిగించి ఉంటుంది, సెల్ కింద పై క్లెవిస్ వేలాడుతుంది. ఆ క్లెవిస్‌కి ఒక కొక్కెం పెట్టి 20 కిలోలు, 40, 60 అలా తగిలించుకుంటూ పోయాం. ఇక్కడో చిన్న సంగతి. కాలేజీ అలవాటు కొద్దీ 9.81తో గుణించేస్తాం. హైదరాబాద్‌లో గురుత్వ త్వరణం సుమారు 9.78. భూమధ్యరేఖకి కాస్త దగ్గర, పైగా పీఠభూమి మీద ఉన్నాం. తేడా వెయ్యికి మూడు వంతులే అయినా, ఒక శాతం కోసం కొట్లాడేటప్పుడు దాన్ని ఊరికే ఎందుకు వదులుకోవాలి? 60 కిలోలకి 587 న్యూటన్లు రావాలి. అంకె ఆ చుట్టుపక్కలే ఆడుతూ కనిపించేసరికి ప్రాణం కుదుటపడింది.

వెయిట్లు తగిలిస్తున్నప్పుడే సున్నా గురించి కూడా ఒక స్పష్టత వచ్చింది. పై క్లెవిస్, దాని అడాప్టర్, లాక్ నట్లు కలిపి 15 కిలోలు. అంటే 147 న్యూటన్లు ఎప్పుడూ సెల్‌ని లాగుతూనే ఉంటాయి. క్లెవిస్ బిగించాక, స్పెసిమెన్‌కి పిన్ను పెట్టకముందు సున్నా చేస్తే ఆ బరువు లెక్కలోంచి పోతుంది. క్లెవిస్ బిగించకముందు సున్నా చేశామనుకోండి. స్క్రీన్ 300 చూపిస్తున్నప్పుడు స్పెసిమెన్ మీద ఉండేది 153 మాత్రమే. 3000 అన్నప్పుడు 2853. రెండింటి మధ్య తేడా 2700 అలాగే ఉంది, కాబట్టి డెల్టా కె మారదు. కానీ కనిష్ఠానికీ గరిష్ఠానికీ ఉన్న నిష్పత్తి 0.1 కాస్తా 0.05 అయిపోయింది. గ్రాఫ్ చక్కగా వస్తుంది, పైన రాసిన నిష్పత్తి మాత్రం అబద్ధం. స్పెసిమెన్ బిగించేశాక ఆటోజీరో బటన్ నొక్కడం ఇంకా ప్రమాదం. పిన్నుల దగ్గర ఏ కొద్దిపాటి లాగుడున్నా అది కూడా సున్నా కింద పోతుంది. అందుకే ఆ బటన్ పక్కన "పిన్ను తీశాకే" అని కాగితం అతికించాం.

సెల్ వేడెక్కే దాకా ఆగడం, కేబుల్ షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చేయడం, పిన్నులకి మాలిబ్డినం గ్రీజు పూయడం లాంటివి అన్ని మాన్యువల్స్‌లోనూ ఉంటాయి, వాటి జోలికి వెళ్లను. పిన్నుల గురించి మాత్రం ఒక్క మాట. రంధ్రం గుండ్రంగా, పిన్నుకి బిగుతుగా ఉంటే స్పెసిమెన్ స్వేచ్ఛగా తిరగలేదు, లోడ్‌లో కొంత రాపిడికే పోతుంది. క్లెవిస్ రంధ్రంలో పిన్ను ఆనే వైపు చదునుగా చేయించేది అందుకే.

ఇక పీక్. స్క్రీన్ మీద గరిష్ఠం అని కనిపించే అంకె ఎక్కడి నుంచి వస్తుంది? సిగ్నల్‌ని కంప్యూటర్ కొన్ని చోట్ల మాత్రమే చూసి, అందులో పెద్దదాన్ని తీసుకుంటుంది. పాత డేటా కార్డు సెకనుకి 100 సార్లు చదివేది. పరీక్ష 10 హెర్ట్జ్‌లో నడిస్తే సైకిల్‌కి 10 పాయింట్లు. అసలు శిఖరం రెండు పాయింట్ల సరిగ్గా నడుమ పడిందంటే, కంప్యూటర్‌కి దొరికేది 18 డిగ్రీల అవతల ఉన్న విలువ. అంటే సైన్ అల ఎత్తులో దాదాపు 5 శాతం మాయం. సెకనుకి 1000 సార్లు చదివితే ఇదే తేడా వెయ్యికి ఒక వంతు కూడా ఉండదు. సిగ్నల్‌లో వేగంగా ఆడే భాగాన్ని అణిచే ఫిల్టర్ది ఇంకో తంటా. అంకె ఆడకుండా కుదురుగా కనిపించాలని ఎవరో ఎప్పుడో ఫిల్టర్‌ని 20 హెర్ట్జ్ దగ్గర పెట్టి వదిలేశారు. మామూలు ఫిల్టర్ అయితే 10 హెర్ట్జ్ అలలో పదో వంతు అక్కడే పోతుంది. పాపం కంట్రోలర్‌కి ఇది తెలియదు. లోడ్ తక్కువ వస్తోందని ఇంకా గట్టిగా లాగుతుంది. స్క్రీన్ మీద 3 కిలోన్యూటన్లు కుదురుగా కనిపిస్తూనే ఉంటాయి, స్పెసిమెన్ మీద మాత్రం అంతకన్నా ఎక్కువ పడుతుంది. అంకె కుదురుగా ఉంటే నాకిప్పుడు అనుమానమే వస్తుంది. ఫిల్టర్‌ని 1 కిలోహెర్ట్జ్‌కి మార్చాం. అంకె ఆడడం మొదలుపెట్టింది, ఆడనిచ్చాం.

ఇవన్నీ సర్దుకున్నాక ఇక అంతా బాగుందనుకున్నాం. అసలు చిక్కు అప్పుడే మొదలైంది.

10 హెర్ట్జ్‌లో పరీక్షలు నింపాదిగా నడిచేవి. మా తర్వాతి దశకి మాత్రం పగులు దాదాపు ఆగిపోయే చోట, అంటే థ్రెషోల్డ్ దగ్గర డేటా కావాలి. అక్కడ కోటి సైకిళ్లు నడపాలంటే 10 హెర్ట్జ్‌లో పదకొండు రోజులు దాటుతుంది. మెషిన్ కోసం మరో ముగ్గురు క్యూలో ఉన్నారు. 40 హెర్ట్జ్‌కి పెంచితే మూడు రోజుల్లోపే అయిపోతుంది. పెంచేముందు అదే ప్లేటు ముక్క మీద, అవే లోడ్లతో 40 హెర్ట్జ్‌లో ఒక మామూలు పరీక్ష చేసి, పాత గ్రాఫ్‌తో పోల్చి చూడమన్నారు మా గైడ్.

పోల్చాను. మొదట్లో రెండు గ్రాఫ్‌లూ దాదాపు కలిసే ఉన్నాయి. పగులు పొడుగయ్యే కొద్దీ 40 హెర్ట్జ్ పాయింట్లు పైకి పోవడం మొదలుపెట్టాయి. 30 మిల్లీమీటర్ల దగ్గరికొచ్చేసరికి పావు వంతు ఎక్కువ వేగం చూపిస్తున్నాయి. ఈ పరీక్షల్లో కొంత చెదురుబాటు ఎప్పుడూ ఉంటుంది. కానీ చెదురుబాటు ఇలా ఒక పద్ధతిగా పెరుగుతూ పోదు.

"ఫ్రీక్వెన్సీ ఎఫెక్ట్ కావచ్చు కదా సార్," అన్నాను.

"ఉంటే తిరగబడి ఉండాలి కదమ్మా," అన్నారు గైడ్ సార్.

నిజమే. తేమ ఉన్న గాలిలో అల్యూమినియం పగులు కొసకి నీటి ఆవిరి చేరి హాని చేస్తుంది. మెల్లగా లాగితే దానికి సమయం ఎక్కువ దొరుకుతుంది. అంటే ఫ్రీక్వెన్సీ తగ్గితే వేగం పెరగాలి, లేదా రెండూ ఒకేలా ఉండాలి. పెంచితే వేగం పెరగడానికి లోహం వైపు నుంచి నాకు కారణమేమీ దొరకలేదు. ఇక మిగిలింది లోడే. ఫిల్టర్ చూశాం, శాంప్లింగ్ చూశాం, సున్నా చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. స్క్రీన్ మీద 40 హెర్ట్జ్‌లోనూ అవే 3 కిలోన్యూటన్లు, అవే 300 న్యూటన్లు.

విషయం ఆ 15 కిలోల క్లెవిస్ దగ్గరే ఉందని తేల్చింది టెక్నీషియన్ అన్న చెప్పిన ఒక్క మాట. పగులు పొడుగయ్యాక పై క్లెవిస్ కదలడం కంటికి కనిపిస్తోందన్నారాయన. లోడ్ సెల్‌కీ స్పెసిమెన్‌కీ మధ్య ఉన్నది ఆ క్లెవిస్సే. అది యాక్చుయేటర్‌తో పాటు పైకీ కిందికీ ఊగుతుంది. ఊగే బరువుని ఊపడానికి కూడా బలం కావాలి, ఆ బలం కూడా సెల్ లెక్కలోకి వస్తుంది. స్ప్రింగు కాటాకి కూరగాయల సంచి తగిలించి చేతిని గబగబా ఆడించి చూడండి, సంచి బరువు మారకపోయినా ముల్లు ఊగుతుంది.

ఏ దిక్కున ఎంత ఊగుతుందో లెక్కేశాను. యాక్చుయేటర్ పైకి లాగి శిఖరానికి చేరినప్పుడు క్లెవిస్ త్వరణం కిందికి ఉంటుంది. కాబట్టి ఆ క్షణంలో సెల్ చదివేది స్పెసిమెన్ మీద ఉన్న అసలు లాగుడు కన్నా తక్కువ. కంట్రోలర్ నమ్మేది సెల్‌నే. సెల్‌లో 3 కిలోన్యూటన్లు పూర్తయ్యేదాకా లాగుతుంది, స్పెసిమెన్ మీద 3 దాటిపోతుంది. తిరుగు ప్రయాణంలో ఇదే ఉల్టా. కనిష్ఠం ఇంకా కిందికి దిగుతుంది. మొత్తం మీద స్పెసిమెన్ అనుభవించే లోడ్ ఊపు మనం రాసుకున్న దానికన్నా పెద్దది.

అంకెలు కూడా సరిపోయాయి. పగులు 15 మిల్లీమీటర్లున్నప్పుడు స్పెసిమెన్ బిగుతుగా ఉంటుంది. 2700 న్యూటన్ల ఊపుకి 0.04 మిల్లీమీటరు మాత్రమే తెరుచుకుంటుంది. 30 మిల్లీమీటర్ల దగ్గర అదే లోడ్‌కి 0.19 తెరుచుకుంటుంది. అంటే నాలుగున్నర రెట్లు. త్వరణం ఫ్రీక్వెన్సీ వర్గంతో పెరుగుతుంది. 40 హెర్ట్జ్‌లో, 15 కిలోలకి, మొదట్లో 20 న్యూటన్లు, చివర్లో 90 న్యూటన్లు. ఊపులో సగం 1350 న్యూటన్లు కాబట్టి మొదట్లో ఒకటిన్నర శాతం, చివరికి దాదాపు 7 శాతం. ఆ 7 శాతాన్ని మూడున్నర ఘాతానికి పెంచితే పావు వంతు. గ్రాఫ్‌లో కనిపించింది కూడా అంతే. 10 హెర్ట్జ్‌లో ఇది పదహారో వంతుకి పడిపోతుంది, అంటే అర శాతం లోపే. అందుకే అక్కడ ఎవరి కంటా పడలేదు.

ఈ లెక్క చేస్తుంటే ఇంకోటి బయటపడింది, నాకు మహా నచ్చింది. లోడ్ తగ్గిస్తే కదలిక తగ్గుతుంది, లోపం కూడా అంతే తగ్గుతుంది. కాబట్టి శాతం మారదు. థ్రెషోల్డ్ దగ్గర లోడ్లు చిన్నవి కదా, ఈ గొడవ ఉండదులే అని నేను లోలోపల సర్దిచెప్పుకుంటున్న మాటకి అక్కడితో చెల్లు. శాతాన్ని నిర్ణయించేవి మూడే: మధ్యలో ఊగే బరువు, ఫ్రీక్వెన్సీ, పగులు పొడవు వల్ల వచ్చే స్పెసిమెన్ మెతకదనం.

లెక్క బాగుందంటే సరిపోదు, చూపించాలి. స్పెసిమెన్ మీద నిజంగా ఎంత లోడ్ పడుతోందో సెల్‌తో సంబంధం లేకుండా కొలవాలి. దానికి స్పెసిమెన్‌నే లోడ్ సెల్ చేసుకున్నాం. పగులు ఎదురుగా ఉండే వెనక అంచు మీద ఒక స్ట్రెయిన్ గేజ్ అంటిస్తే, పగులు పొడవు మారనంత సేపూ ఆ గేజ్ చూపే స్ట్రెయిన్ లోడ్‌ని బట్టే మారుతుంది. గేజ్ బరువు ఒక గ్రాము కూడా ఉండదు, 40 హెర్ట్జ్ దానికి లెక్కే కాదు.

గేజ్ అంటించడం ఓపిక పని. వెనక అంచుని 320, తర్వాత 400 ఎమరీతో ఒకే వైపు కాకుండా అడ్డదిడ్డంగా రుద్ది, అసిటోన్‌తో దూది నల్లబడడం ఆగేదాకా తుడిచాను. మధ్య గీతని పెన్సిల్‌తో గీసి, గేజ్‌ని పారదర్శక టేపుకి అంటించి, గీత మీద కూర్చోబెట్టి, టేపు సగం ఎత్తి ఒక్క చుక్క సైనోఅక్రిలేట్ జిగురు వేసి, బొటనవేలితో నిమిషం పాటు అదిమి పట్టాను. ఉపరితలం మీదుండే కొద్దిపాటి తేమకే అది గట్టిపడుతుంది. టేపుని నిలువుగా కాక, వెనక్కి మడిచి మెల్లగా లాగాలి, లేకపోతే గేజ్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. తీగలు సోల్డర్ చేసి, మల్టీమీటర్‌తో 350 ఓములు ఉన్నాయో లేదో చూసి, అవి గాలికి ఊగకుండా క్లెవిస్ పక్కన టేపేశాను.

పగులు 30 మిల్లీమీటర్ల దగ్గర ఉన్న స్పెసిమెన్‌ని బిగించి, ముందు పది సెకన్లకో సైకిల్ చొప్పున మెల్లగా లాగాం. అంత మెల్లగా ఉన్నప్పుడు క్లెవిస్ బరువు ప్రభావం సున్నా కిందే లెక్క. సెల్ అంకెకీ గేజ్ స్ట్రెయిన్‌కీ సంబంధం అలా రాసుకున్నాం. తర్వాత అదే లోడ్‌తో 10 హెర్ట్జ్, ఆపైన 40. ప్రతి చోటా కొద్ది సెకన్లే నడిపాం, అంతలో పగులు పెరిగేదేమీ ఉండదు. రెండు ఛానెళ్లకీ ఒకే ఫిల్టర్, సెకనుకి 5000 రీడింగులు. 10 హెర్ట్జ్‌లో స్ట్రెయిన్ దాదాపు అంతే ఉంది. 40లో సెల్ మాత్రం అదే 2700 చూపిస్తోంది, గేజ్ ఊపు 6 శాతం పైచిలుకు పెరిగింది. లెక్క ఏడుకి దగ్గరగా చెప్పింది. అడాప్టర్‌లో ఏ భాగం ఎంత కదులుతుందో సరిగ్గా తెలియదు కాబట్టి అంతకన్నా దగ్గరగా రావాలని నేను అడగను. పగులు చిన్నగా ఉన్న ఇంకో స్పెసిమెన్ మీద ఇదే చేస్తే తేడా ఒకటిన్నర శాతం చుట్టూ వచ్చింది.

మెషిన్లు తయారుచేసే వాళ్లకి ఇదేమీ కొత్త కాదు. కొన్ని లోడ్ సెల్స్‌లో త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటర్ లోపలే పెట్టి, ఈ జడత్వ బలాన్ని అప్పటికప్పుడే తీసేస్తారు. డైనమిక్ లోడ్‌ని ఎలా సరిచూసుకోవాలో చెప్పడానికే ఏఎస్‌టీఎం ఇ467 అనే వేరే ప్రమాణం ఉంది. ఏటా వచ్చే సర్టిఫికెట్ ఏఎస్‌టీఎం ఇ4 ప్రమాణం ప్రకారమైనా, ఐఎస్ఓ 7500 ప్రకారమైనా, నిలకడగా ఉన్న లోడ్ గురించి మాత్రమే చెబుతుంది. ఊగే లోడ్ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. గోడకి ఆ సర్టిఫికెట్ తగిలించి, 40 హెర్ట్జ్ పరీక్షలకి అదే చూపిస్తే ఆడిటర్ ఊరుకోవచ్చు. లోహం ఊరుకోదు.

మా సెల్‌లో యాక్సిలరోమీటర్ లేదు. కాబట్టి సెల్‌ని అక్కడి నుంచి తీసి, కదలని కింది పక్కకి మార్చాం. బేస్‌కి సెల్, దాని మీద కింది క్లెవిస్. ఇప్పుడు ఊగే బరువు స్పెసిమెన్‌కి అవతలి పక్క ఉంది, సెల్‌కి దాంతో పని లేదు. చెప్పినంత సులువుగా ఏమీ జరగలేదు. అడాప్టర్ మరలు కలవక కొత్తది టర్న్ చేయించాం, అలైన్‌మెంట్ మళ్లీ చూసుకున్నాం. ఇప్పుడు కింది క్లెవిస్ బరువు సెల్‌ని నొక్కుతోంది కాబట్టి సున్నా పద్ధతి కూడా తిరగరాశాం. కాలిబ్రేషన్ సార్ మళ్లీ రావలసి వచ్చింది. ఈసారి అడక్కుండానే చిన్న సెల్ తెచ్చుకున్నారు. వెనక అంచు గేజ్‌తో మళ్లీ చూస్తే 40 హెర్ట్జ్‌కీ మెల్లటి సైకిల్‌కీ తేడా ఒక శాతం లోపలికి దిగింది. బేస్ కూడా కొద్దిగా అదురుతుంది కాబట్టి పూర్తిగా సున్నా కాదు.

పాత 40 హెర్ట్జ్ డేటాని గుణకాలతో సరిచేసి వాడుకోవచ్చా అని గైడ్ సార్‌ని అడిగాను. లోడ్ ఊపుతో పాటు కనిష్ఠ, గరిష్ఠ నిష్పత్తి కూడా ప్రతి మిల్లీమీటరుకీ మారిపోయి ఉంది. 300 అనుకున్న కనిష్ఠం చివరికొచ్చేసరికి 210 దగ్గర ఉంది. పైగా ఆ కింది భాగంలో పగులు ముఖాలు ఒకదానికొకటి ఆని మూసుకునే వ్యవహారం ఒకటి ఉంటుంది. 1970ల మొదట్లో ఎల్బర్ అనే పరిశోధకుడు చూపించిన సంగతి అది. దాన్ని గుణకంతో సరిచేయడం కుదరదు. "పక్కన పెట్టెయ్," అన్నారు సార్. పెట్టేశాను. థీసిస్‌లో మాత్రం దాన్ని ఒక అనుబంధంగా ఉంచాం, గేజ్ రీడింగులతో సహా.

కొత్త అమరికతో 40 హెర్ట్జ్ పరీక్ష మళ్లీ చేశాను. అప్పటికి వానలు బాగా పడుతున్నాయి, ల్యాబ్‌లో తేమ ఎక్కువగానే ఉంది. ఈసారి రెండు గ్రాఫ్‌లూ మొదటి నుంచి చివరిదాకా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. జాగ్రత్తగా చూస్తే 10 హెర్ట్జ్ పాయింట్లే ఒక వెంట్రుకవాసి పైన ఉన్నాయి. పరీక్ష జరిగినంత సేపూ గదిలో తేమ ఎంత ఉందో కూడా రాసిపెట్టమన్నారు సార్. థ్రెషోల్డ్ పరీక్షల నుంచి లాగ్‌బుక్‌లో లోడ్ గడి పక్కన ఇంకో గడి గీసుకున్నాం.